ముప్పై మూడున్నర

సొహార్‌లో ఆ రోజు నలభై ఏడు డిగ్రీలు.
మూడంతస్తుల డాబా మీద కంప్రెసర్ విప్పుతున్నాను.
స్పానరు కాలి, చేతికి తడిగుడ్డ చుట్టుకున్నాను.
అప్పుడొచ్చింది ఫోను:
నాగవేణిని ఆపరేషన్‌కు తీసుకుపోయారు, నీ సంతకం కావాలి.

మాయ ముందే ఊడిపోయిందట.
లోపల బిడ్డకు ఊపిరి అందలేదట.
ఎంతసేపు అంటే ఎవరూ చెప్పలేదు.
గడియారాలన్నీ బయటే ఉంటాయి కదా.

పుట్టగానే ఒక పరీక్ష పెడతారని ఆ రోజే తెలిసింది.
నా కూతురికి పదికి ఒకటి.
ఐదు నిమిషాలకు మళ్ళీ పెట్టారు. మూడు.
పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి,
నేనేం అనగలను.

నందలూరు నుంచి అమ్మ ఒకటే అడిగింది,
"ఏడ్చిందా?"
లైను సరిగ్గా లేదన్నాను.

చల్లబరుస్తాం, అంది డాక్టర్ ఉమైమా.
ముప్పై మూడున్నర దగ్గర, డెబ్బై రెండు గంటలు,
మెదడు ఇంకా దెబ్బతినకుండా.
చల్లబరచడం!
పదకొండేళ్ళుగా ఈ దేశంలో నా పని అదొక్కటే.
బిడ్డ కింద నీళ్ళు తిరిగే నీలం పరుపు,
పోయే గొట్టం ఒకటి, వచ్చే గొట్టం ఒకటి,
పక్కన గురక పెట్టే పెట్టె.
చెవి పెట్టి విన్నాను. బేరింగు బాగానే ఉంది.
ఆ గదిలో నాకు అర్థమైంది అంతే.

తాకొచ్చు, అంది లిస్సీ సిస్టరు.
కుండనీళ్ళలా ఉంది అరికాలు.
మా వైపు చలవ అంటే మంచి మాట.
పసిబిడ్డ ఒళ్ళు చల్లబడింది అంటే మాత్రం
ఆ మాట ఎవరూ పూర్తి చెయ్యరు.

రెండో రాత్రి కాళ్ళు ఆడించింది, సైకిలు తొక్కినట్టు.
ఆడుకుంటోంది సిస్టర్, అని నవ్వాను.
ఆమె నవ్వలేదు.
సూదిమందు తెచ్చింది.
ఫిట్స్ అట అవి.

పక్క తొట్టి సిల్హెట్ షఫీకుల్ కొడుకుది.
అదే నీలం పరుపు, అదే గురక.
తెల్లారేసరికి పరుపు మడిచి ఉంది.
కార్లు నిలిపే చోట షఫీకుల్ కనబడ్డాడు,
చెప్పులు చేత్తో పట్టుకుని,
ఆ ఎండలో, తారు మీద.

బాగవుతుందా డాక్టర్?
ఇప్పుడే చెప్పలేం. చూడాలి.
ఆ మాట నాదే.
ఎన్ని గుమ్మాల్లో నిలబడి అన్నానో,
గ్యాసు నింపి చూడాలి మేడమ్, ఇప్పుడే చెప్పలేను.
కొందరు టీ ఇచ్చేవాళ్ళు. కొందరు తలుపు వేసేవాళ్ళు.

మూడు రోజులు నిండాక వేడి చెయ్యడం.
గంటకు అర డిగ్రీ, తొందర పడకూడదు.
ముప్పై నాలుగు.
ముప్పై నాలుగున్నర.
నేనూ నాగవేణి చక్రాల కుర్చీ పక్కన నేల మీద.
తెల్లవారి నమాజు పిలుపుకు ముప్పై ఆరు.

గొట్టం తీసిన సాయంత్రం ఏడ్చింది,
తడిసిన పిల్లికూన గొంతుతో.
అమ్మకు ఫోను కలిపి
మాట్లాడకుండా తొట్టి దగ్గర పెట్టాను.

బాహుద అని పేరు పెట్టింది నాగవేణి.
మా చెయ్యేటికి పాత పేరు అది.
నరికిన చేతులు ఆ ఏట్లో మునిగితే మళ్ళీ మొలిచాయంటారు,
చెయ్యిచ్చిన ఏరు.
చెయ్యిచ్చింది అంటే మోసం చేసిందని కూడా
మావాళ్ళే అంటారు.
పేరు పెట్టేనాటికి
ఎడమ పిడికిలి సంగతి మాకు తెలియదు.

ఇప్పుడు పద్నాలుగు నెలలు.
తలుపు చప్పుడుకు తల తిప్పుతుంది.
దిండు ఆనిస్తే కూర్చుంటుంది, పడిపోతుంది,
ఒక్కోసారి పడదు.
ఎడమ బొటనవేలిని మాత్రం లోపల దాచుకుని
గుప్పిట విప్పదు.

ఇందాక ఆ గుప్పిట్లోకి నా చిటికెనవేలు దూర్చాను.
పట్టుకుందో,
బిగుసుకుందో.
వెచ్చగా మాత్రం ఉంది.
గురువారం థెరపిస్టు చూసి చెబుతుంది.
ఇవాళ ఇంకా ఆదివారమే.